పిల్లల వైద్య పరిశోధన, దాతలు, ప్రచారకర్తలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

పిల్లల రక్త క్యాన్సర్ పరిశోధనకు దాతల నుంచి నిధులు సమీకరించడం నా వృత్తి. ప్రతిపాదనలు రాయడం, దాతలను ప్రయోగశాలకు తీసుకువెళ్లి చూపించడం, ఖర్చయిన ప్రతి రూపాయికీ లెక్క అప్పజెప్పడం అందులో భాగాలు. ఈ పనిలో మాకు ఎదురయ్యే అభ్యంతరాలు చాలావరకు చెయ్యి రాకపోవడం వల్ల వచ్చేవి కావు. పరిశోధన ఎలా నడుస్తుందో, అందులో దాత పాత్ర ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో తెలియకపోవడం వల్ల వచ్చేవి. తరచుగా వినిపించే కొన్నింటిని ఇక్కడ చర్చిస్తాను. ప్రజల విరాళాలతో పిల్లల వ్యాధులపై పరిశోధన చేయించే పద్ధతి పెద్ద ఎత్తున రూపుదిద్దుకున్నది అమెరికాలో కనుక ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే. అయితే వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైన దాని వెనుక భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త ఒకరున్నారు.

అపోహ: పరిశోధన కోటీశ్వరులు ఇస్తే జరిగే పని, మనబోటి వాళ్లం ఇచ్చే వందా రెండు వందలూ ఏ మూలకు?

పోలియోగా నిర్ధారించిన జబ్బుతో 1921లో కాళ్లు చచ్చుబడిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, అమెరికా అధ్యక్షుడిగా ఉంటూ 1938 జనవరిలో పోలియోపై పోరాటానికి ఒక జాతీయ సంస్థను స్థాపించారు. ప్రతి ఒక్కరూ ఒక డైమ్, అంటే పది సెంట్ల నాణెం, నేరుగా వైట్ హౌస్‌కు పంపాలని హాస్యనటుడు ఎడ్డీ కాంటర్ పిలుపునిచ్చారు. నాణేలు లక్షల్లో వచ్చిపడి, వైట్ హౌస్ రోజువారీ టపా వాటి కింద కూరుకుపోయింది. ‘మార్చ్ ఆఫ్ డైమ్స్’ అన్న పేరు ఆ పిలుపు నుంచే వచ్చింది, శాస్త్రవేత్త జోనాస్ సాల్క్ చేసిన పోలియో టీకా పరిశోధనకు వెన్నుదన్నుగా నిలిచింది ఆ సంస్థే. చిన్న విరాళాల విలువ మొత్తంలో మాత్రమే లేదు. 1954లో టీకా క్షేత్ర పరీక్షలో దాదాపు 18 లక్షల మంది పిల్లలు పాల్గొన్నారు. అన్నేళ్లుగా తాము పైసా పైసా వేసి నిలబెట్టిన పని కాబట్టే అంతమంది తల్లిదండ్రులు పిల్లలను ముందుకు పంపగలిగారని నా అభిప్రాయం. ఒక్క శ్రీమంతుడి చెక్కుతో అంత నమ్మకం రాదు.

అపోహ: ఈ రోజు విరాళమిస్తే మూడేళ్లలో మందు చేతికి రావాలి.

మన దేశంలో ఈ అపోహకు చట్టమే కొంత ఊతమిచ్చింది. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయికి మించిన కంపెనీలు తమ సగటు నికర లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. కొనసాగుతున్న ప్రాజెక్టుకు, మొదలైన ఆర్థిక సంవత్సరాన్ని మినహాయిస్తే, మూడేళ్లకు మించి గడువు ఉండదు. దాంతో కంపెనీ ప్రతినిధులు సహజంగానే మూడేళ్లలో చూపించగల ఫలితం కోసం అడుగుతారు. బడి గదులకూ తాగునీటి ప్లాంట్లకూ ఆ లెక్క సరిపోతుంది కానీ పిల్లల ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్, చరిత్ర మరోలా నడిచింది.

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు సారథ్యం వహించారు. ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ అనే బి విటమిన్‌ను కృత్రిమంగా తయారుచేసింది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలోని వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ యాసిడ్ వర్గానికి చెందిన పదార్థాలను ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి చూసినప్పుడు జబ్బు తగ్గకపోగా మరింత ముదిరినట్టు కనిపించింది. ఫోలిక్ యాసిడ్ వ్యాధి కణాలకు మేత అవుతున్నప్పుడు దాన్ని అడ్డుకునే పదార్థమిస్తే ఏమవుతుందన్న ప్రశ్న అక్కడ పుట్టింది. అలాంటి విరోధి పదార్థాలను కూడా సుబ్బారావు బృందమే అందించింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో 16 మంది పిల్లలకు చికిత్స చేస్తే 10 మందిలో వ్యాధి కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆ ఫలితాలను వివరించిన వ్యాసం 1948 జూన్ 3న అచ్చయింది. దాని శీర్షికలోనే ఫార్బర్ ‘తాత్కాలిక’ ఉపశమనం అని రాసుకున్నారు.

గమనించవలసింది తేదీలను. ఫార్బర్ పరిశోధన కోసం జిమ్మీ ఫండ్ అనే విరాళాల నిధికి నాంది పలికిన రేడియో కార్యక్రమం అదే ఏడాది మే 22న, అంటే వ్యాసం వెలువడక ముందే ప్రసారమైంది. బోస్టన్ బ్రేవ్స్ బేస్‌బాల్ క్రీడాకారులు ఆసుపత్రిలో ‘జిమ్మీ’గా పరిచయమైన ఒక బాలుడి మంచం చుట్టూ చేరి మాట్లాడారు. వార్డులో ఆట చూసేందుకు టీవీ కొనడానికి, పరిశోధనకు తోడ్పడడానికి 20 వేల డాలర్లు కావాలని అడిగితే, ఆ ఏడాదిలోనే 2 లక్షల డాలర్లకు పైగా పోగైంది. ఆనాడు ఇచ్చినవారికి నయమైన ల్యుకేమియా బిడ్డను చూపించగలిగే స్థితి లేదు. సుబ్బారావు ఆ ఆగస్టులోనే మరణించారు. అనేక మందులను కలిపి, మెదడుకు విడిగా చికిత్స చేసి, సుమారు సగం మంది పిల్లలకు నయం చేయవచ్చని మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పరిశోధనాసుపత్రిలో డోనాల్డ్ పింకెల్ బృందం నిరూపించడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. అమినోప్టెరిన్‌కు దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్ మాత్రలు ఈనాటికీ ఈ పిల్లల దీర్ఘకాల చికిత్సలో వారానికోసారి వేయిస్తారు. మూడేళ్ల ప్రాజెక్టుకు ఇచ్చే కంపెనీలను నేను తప్పుపట్టను. ఆ గడువులో ఒక పరిశోధకుడికి శిక్షణ పూర్తవుతుంది, రోగుల కణాల నమూనాల నిధి ఒకటి ఏర్పడుతుంది. ప్రతిపాదనలో రాయవలసిన ఫలితాలు అవే. మందును వాగ్దానం చేసే ప్రతిపాదన కనిపిస్తే దాత అనుమానించాలి.

అపోహ: ప్రచారకర్త అంటే ఫోటోకు నిలబడే ప్రముఖుడు.

కొందరి విషయంలో అది నిజమే, ఒప్పుకోవాలి. సెయింట్ జూడ్‌ను స్థాపించిన హాస్యనటుడు డానీ థామస్ మాత్రం ఆసుపత్రి కట్టించాలన్న సంకల్పంతో ఊరూరూ తిరిగారు. 1957లో తనలాగే అరబ్ మూలాలున్న అమెరికన్లను కూడగట్టి నిధుల సేకరణకే ఒక సంస్థను నిలబెట్టారు. ఆసుపత్రి 1962లో తెరుచుకుంది, చికిత్సకు ఏ కుటుంబానికీ బిల్లు పంపకూడదన్న నియమం నేటికీ కొనసాగుతోంది. ముఖ్యమైన అంశం ఏమిటంటే, ఆయన ముఖానికన్నా ఆయన నిలబెట్టిన నిధుల యంత్రాంగం ఎక్కువ కాలం పనిచేసింది. అమెరికన్ దాత మేరీ లాస్కర్ పాత్ర ఇంకా భిన్నమైనది. ఆమె సొంత డబ్బు ఇచ్చారు, కానీ అంతకన్నా ఎక్కువగా తన పలుకుబడిని ప్రభుత్వ బడ్జెట్ వైపు మళ్లించారు. ఫార్బర్‌తో కలిసి ఆమె ఏళ్ల తరబడి చేసిన ఒత్తిడికి 1971లో వచ్చిన అమెరికా జాతీయ క్యాన్సర్ చట్టంలో పెద్ద వాటా ఉంది. ఏ దాత ఆస్తి అయినా ప్రభుత్వ ఖజానా ముందు చిన్నదేనని గ్రహించిన దాత ఆమె. బేస్‌బాల్ దిగ్గజం టెడ్ విలియమ్స్ అయితే జిమ్మీ ఫండ్ పిల్లలను చూడడానికి వచ్చేటప్పుడు విలేకరులు ఉండరాదని షరతు పెట్టేవారు.

అపోహ: డబ్బిచ్చినవారికి పరిశోధనను నడిపించే హక్కు ఉంటుంది.

ఏ వ్యాధిపై పని జరగాలో దాత నిర్ణయించవచ్చు. ఫలితాన్ని ఎవరు, ఎలా తూచాలో మాత్రం దాత చేతిలో ఉండకూడదు. సాల్క్ టీకాను నిధులిచ్చిన సంస్థే స్వయంగా మదింపు చేసి ఉంటే లోకం నమ్మేది కాదు. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన శాస్త్రవేత్త థామస్ ఫ్రాన్సిస్ స్వతంత్రత ఉంటేనే ఆ బాధ్యత తీసుకుంటానన్నారు. కొన్ని ప్రాంతాల్లో సగం మందికి ఉత్తుత్తి ఇంజక్షన్ ఇచ్చి పోల్చాలన్న పట్టుదల ఆయనది; అందరికీ టీకా వేయాలని తహతహలాడే సంస్థకు అది మింగుడుపడని ఏర్పాటు. అయినా అంగీకరించింది. 1955 ఏప్రిల్ 12న ఫ్రాన్సిస్ ప్రకటించిన ఫలితానికి అంత విలువ దక్కడానికి అదే కారణం. ఈ మధ్య దాతలు నివేదికలో “ఆశాజనకంగా లేదు” అన్న మాట మార్చమని అడుగుతున్నారు, మేము మార్చము.

అపోహ: యంత్రాలకు ఇచ్చిన డబ్బు నిలబడుతుంది, జీతాలకు ఇచ్చింది కరిగిపోతుంది.

నాకు అన్నిటికన్నా విసుగు తెప్పించే అపోహ ఇది. ఒక పాప ఎముక మజ్జ నుంచి తీసిన రెండు మిల్లీలీటర్ల నమూనా ఊదారంగు మూత ఉన్న గొట్టంలో ప్రయోగశాలకు వస్తుంది. కొద్ది గంటల్లోనే కణాలను వేరుచేసి, బుల్లి సీసాల్లోకి ఎత్తి, పేరుకు బదులు కోడ్ అంటించి, తల్లిదండ్రుల సమ్మతి పత్రం సంఖ్యతో సహా రిజిస్టరులోకి ఎక్కించి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాలి. గొట్టం శనివారం సాయంత్రం ఆరింటికి వచ్చినా ఇదంతా జరగవలసిందే. ఒక కంపెనీ మాకు మంచి ఫ్రీజర్ కొనిచ్చింది, రిబ్బన్ కత్తిరించారు, గోడకు శిలాఫలకం బిగించారు. టెక్నీషియన్ జీతం అడిగితే తమ విధానం ఒప్పుకోదన్నారు. చాలాకాలం ఆ ఫ్రీజర్‌లో చలి తప్ప పెద్దగా ఏమీ నిల్వ లేదు.

సామాజిక బాధ్యత నిధుల్లో పాలనా ఖర్చులు 5 శాతానికి మించరాదన్న నిబంధనను జీతాలు నిరాకరించడానికి చాలామంది సాకుగా చూపుతారు. ఆ పరిమితి కంపెనీ తన సామాజిక బాధ్యత విభాగాన్ని సాధారణంగా నిర్వహించుకోవడానికి పెట్టే ఖర్చుకు సంబంధించినది. ఒక ప్రాజెక్టును అమలు చేయడానికి నేరుగా అయ్యే ఖర్చు దాని కిందికి రాదు.

అపోహ: బిడ్డ ముఖం, కన్నీళ్లు చూపిస్తేనే విరాళాలు వస్తాయి.

జిమ్మీ అన్నది ఆ రేడియో కార్యక్రమంలోని బాలుడి అసలు పేరు కాదు. అతని పేరు ఐనార్ గుస్టాఫ్సన్. ఆంతరంగికత కాపాడడానికి ఫార్బర్ ఆ మారుపేరు పెట్టారు. అతనికి ఉన్నది ల్యుకేమియా కాదు, పేగుల లింఫోమా అనే మరో క్యాన్సర్. పిల్లవాడు ఎప్పుడో చనిపోయి ఉంటాడనే చాలామంది అనుకున్నారు. 1998లో, లారీ డ్రైవరుగా బతికి, తాతయ్యాక, తానే జిమ్మీనని బయటికి వచ్చాడు. పేరూ ముఖమూ దాచినంత మాత్రాన విరాళాలకు లోటు రాలేదు. తర్వాతి దశాబ్దాల్లో టెలివిజన్‌లో గంటల తరబడి సాగిన విరాళాల కార్యక్రమాలు జాలిని సరుకుగా మార్చాయని వికలాంగుల హక్కుల ఉద్యమకారులు గట్టిగా విమర్శించారు, వారి మాటలో న్యాయముంది. తండ్రి సంతకం పెట్టినా, పదేళ్ల పిల్ల వద్దంటే మేము ఆ ఫోటో వాడము.

అపోహ: విరాళాలతో పుట్టిన మందు చవకగా దొరుకుతుంది.

దొరకకపోవచ్చు. అమెరికాలోని సిస్టిక్ ఫైబ్రోసిస్ ఫౌండేషన్, పుట్టుకతోనే వచ్చే ఈ జన్యు వ్యాధికి మందు కనుగొనమని ఒక ఔషధ కంపెనీకి పెట్టుబడి ఇచ్చింది. అలా తయారై 2012లో అనుమతి పొందిన ఐవాకాఫ్టర్ అనే మందు ధర ఏడాదికి దాదాపు 3 లక్షల డాలర్లుగా నిర్ణయమైంది. 2014లో మందు అమ్మకాలపై తనకు రావలసిన రాయల్టీ హక్కులను అమ్మి ఫౌండేషన్ 330 కోట్ల డాలర్లు సంపాదించింది, వాటిని పరిశోధనలోకే తిరిగి మళ్లిస్తామని చెప్పింది. ఆ నమూనాను మెచ్చుకునేవారు ఉన్నారు, ధరను చూసి మండిపడేవారూ ఉన్నారు. నా మట్టుకు, ధర గురించిన షరతు మందు తయారయ్యాక అడిగేది కాదు. తొలి విడత విరాళం బదిలీ చేసే ఒప్పందంలోనే, పేటెంటు ఎవరిది, పేద దేశాల్లో ఎవరు తయారు చేయవచ్చు అన్న వాక్యాల పక్కన, దాని కోసం ఒక వాక్యం రాయించుకోవాలి.