చల్ల చెమటలు పడితే సోడా తాగి పడుకోకండి

క్యాజువాలిటీలో పనిచేసేవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది. పేషెంట్ చెప్పేది వింటూనే చేయి పట్టుకుంటాం. నాడి చూస్తున్నారనుకుంటారు గానీ, అంతకంటే ముందు తెలిసేది చర్మం సంగతి. ఎండలో నడిచొచ్చినవాళ్ల చేయి తడిగా, వేడిగా ఉంటుంది. తడిగా ఉండి చల్లగా తగిలిందంటే మాత్రం మిగతా కథ తర్వాత, ముందు ఈసీజీ, వేలి చుక్కతో షుగర్ టెస్టు.

ఎందుకు చల్లగా ఉంటుందంటే, శరీరానికి ప్రమాదం వచ్చినప్పుడు సింపథెటిక్ నరాలు (మన ప్రమేయం లేకుండా పనిచేసే నరాలు) చెమట గ్రంథుల్ని తెరుస్తాయి, అదే సమయంలో చర్మంలోని రక్తనాళాల్ని బిగించి రక్తాన్ని లోపలి అవయవాలకి మళ్లిస్తాయి. వేడి రక్తం రాని చర్మం మీద చెమట పడితే మంచులాగే ఉంటుంది మరి.

అపోహ: "గ్యాస్ పట్టేసింది, సోడా తాగితే పోతుంది."
నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. ఉత్త గ్యాస్‌కి చొక్కా తడిసిపోయేంత చల్ల చెమటలు పట్టడం నేనైతే చూడలేదు. గుండె కింది గోడకి రక్తం ఆగితే పొట్ట పైభాగంలో మంట, వికారం, వాంతి రావచ్చు, అచ్చం గ్యాస్ లాగే. సోడా తాగగానే తేన్పొచ్చి కాస్త హాయిగా అనిపిస్తుంది, ఆ హాయిలోనే రెండు గంటలు గడిచిపోతాయి, లోపల గుండె కండరం చచ్చిపోతూనే ఉంటుంది. "నొప్పే లేదు కదా సార్" అంటారు. షుగర్ ఉన్నవాళ్లలో, పెద్దవయసు వాళ్లలో, ఆడవాళ్లలో ఛాతీ నొప్పి లేకుండా చెమటలు, ఆయాసంతోనే హార్ట్ ఎటాక్ రావచ్చు. మొదటి ఈసీజీ బాగుందని లేచి వెళ్లిపోకండి, కాసేపాగి మళ్లీ తీయాల్సి వస్తుంది, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రోటీన్) కూడా చూడాలి. రావడానికి 108కి ఫోన్ చేయండి, బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తేవద్దు.

అపోహ: "షుగర్ ఉన్నవాళ్లకి చెమటలు పట్టాయంటే షుగర్ పెరిగినట్టే."
సాధారణంగా తలకిందులు. షుగర్ 70 కంటే కిందికి పడిపోయినప్పుడే చల్ల చెమట, వణుకు, ఆకలి, తిక్క మాటలు. పెరిగిందనుకుని ఇంకో మాత్ర వేసినవాళ్లున్నారు, వాళ్లని స్ట్రెచర్ మీద తెచ్చారు. మాత్ర వేసుకుని టిఫిన్ మానేసిన రోజు, ఉపవాసం రోజు ఇది జరుగుతుంది. స్పృహలో ఉంటే మూడు టీ చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వండి, 15 నిమిషాలకి మళ్లీ షుగర్ చూడండి, తేరుకున్నాక అన్నం పెట్టండి. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏమీ పోయకండి. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రల పని చాలాసేపు ఉంటుంది కాబట్టి ఒకసారి తేరుకున్నా షుగర్ మళ్లీ పడిపోవచ్చు, కిడ్నీ బలహీనంగా ఉంటే మరీను. ఇంకో సంగతి, బీపీకి మెటోప్రొలాల్ వాడేవాళ్లకి దడ, వణుకు తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది.

అపోహ: "తేలు కుట్టిన చోట నొప్పి లేదు, భయం లేదు."
ఎర్రతేలు కుడితే నొప్పి తక్కువగా ఉండి ఒళ్లంతా చెమటలు, చేతులు కాళ్లు చల్లబడటం కనిపిస్తే అది విషం గుండెని పట్టిన గుర్తు, పిల్లల్లో ఇంకా ప్రమాదం. దీనికి మంత్రం పనిచేయదు, ప్రాజోసిన్ అనే పాత బీపీ మాత్ర పనిచేస్తుంది. మహారాష్ట్రలో మహద్ అనే చిన్న ఊళ్లో ఉంటూ దాన్ని వాడి చూపించింది డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్.

అపోహ: "టెన్షన్ అంతే."
టెన్షన్‌కీ పడతాయి, ముచ్చెమటలు అనే మాట ఊరికే రాలేదు. సూది చూసి, రక్తం చూసి పడిపోయేవాళ్లకీ పడతాయి. చదువుకునే రోజుల్లో మొదటిసారి ఆపరేషన్ థియేటర్లో నిలబడ్డప్పుడు నాకే కళ్లు బైర్లు కమ్మి చెమటలు పోశాయి, సిస్టర్ పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టింది, ఐదు నిమిషాల్లో లేచి కూర్చున్నా. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. యాభై దాటిన మనిషికి తొలిసారి అలా చెమటలు పడితే టెన్షన్ అనే మాట ఈసీజీ చూశాకే అంటాను.