రాని ఫోన్ కాల్, వచ్చిన ఆలోచన

1950ల చివర్లో ఆరన్ బెక్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు, మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ చెప్పింది నిజమని నిరూపించడానికి ఒక పరిశోధన మొదలుపెట్టాడు. ఎదుటివాళ్ల మీద ఉన్న కోపం తన మీదికే తిరగడం వల్ల డిప్రెషన్ వస్తుందని అప్పటి సిద్ధాంతం. కోపం అణిగి ఉంటే కలల్లోనైనా బయటపడాలి కదా అని, ఫిలడెల్ఫియాలో తన రోగుల కలలు పరిశీలించాడు. కోపం కనిపించలేదు. కనిపించినవి ఓటమి, పోగొట్టుకోవడం, ఎవరికీ అక్కర్లేకపోవడం. మెలకువలో వాళ్లు చెప్పుకునేదీ అదే. అప్పటినుంచి ఆయన గూఢార్థాలు వెతకడం తగ్గించి, రోగి మాటనే పట్టించుకున్నాడు. నా లెక్కలో అసలు మలుపు అదే.

అమెరికాలో ఉన్న కొడుకు ఈ ఆదివారం ఫోన్ చెయ్యలేదనుకోండి. ఒక తల్లి "పనిలో ఉన్నాడేమో" అనుకుని టీవీ పెట్టుకుంటుంది. ఇంకొక తల్లికి "నా అవసరం తీరిపోయింది" అని చటుక్కున అనిపిస్తుంది. అది తన ఊహ అని ఆవిడకు తోచదు, జరిగిన సంగతే అనుకుంటుంది. సాయంత్రానికి "నా పెంపకంలోనే లోపం ఉంది", రాత్రికి "ఇక నా బతుకింతే". తన గురించి, చుట్టూ ఉన్నవాళ్ల గురించి, రేపటి గురించి, మూడు వైపులా చీకటే. డిప్రెషన్‌లో ఈ మూడూ కలిసే ఉంటాయని బెక్ గమనించాడు.

మర్నాడు పక్కింటివాళ్లు పేరంటానికి పిలిస్తే ఆవిడ వెళ్లదు. నాలుగుసార్లు వెళ్లకపోతే వాళ్లూ పిలవడం మానేస్తారు. తనెవరికీ అక్కర్లేదనడానికి ఇప్పుడు సాక్ష్యం కూడా దొరికింది!

బెక్ కంటే కాస్త ముందే న్యూయార్క్‌లో ఆల్బర్ట్ ఎల్లిస్ అనే సైకాలజిస్ట్ మరో సంగతి పట్టుకున్నాడు. "ఫోన్ చేస్తే బాగుండు" అనేది కోరిక. "చేసి తీరాలి, లేకపోతే నేను భరించలేను" అనేది పంతం. కోరిక తీరకపోతే బాధ కలుగుతుంది, పంతం నెగ్గకపోతే మనిషి కుప్పకూలతాడు.

అదే ఆలోచనను పదేపదే తవ్వుకోవడం ఇంకో చిక్కు. 1989 అక్టోబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో భూకంపం వచ్చింది. సుసాన్ నోలెన్-హోక్సెమా అనే సైకాలజిస్ట్ అంతకు కొద్ది రోజుల ముందే స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల మానసిక స్థితిని, బాధ కలిగితే వాళ్లు ఏం చేస్తారో నమోదు చేసి ఉంది. తవ్వుకునే అలవాటున్నవాళ్లలో భూకంపం తర్వాత డిప్రెషన్ లక్షణాలు ఎక్కువగా కనిపించాయి.

అలాగని "అంతా నీ ఆలోచనల్లోనే ఉంది" అనడం దారుణం. వంశపారంపర్యం, థైరాయిడ్ సమస్య, అప్పులు, ఆప్తుల మరణం, ఇవన్నీ కారణాల్లో ఉంటాయి. పైగా డిప్రెషనే ఆలోచనల్ని చెడగొడుతుంది. "పాజిటివ్‌గా ఉండు" అనే సలహా కూడా బెక్ పద్ధతి కాదు. ఆయన రోగి చేత విచారణ చేయిస్తాడు. కిందటి నెలలో ఎన్ని ఆదివారాలు ఫోన్ వచ్చింది? రాకపోవడానికి ఇంకేం కారణాలుండొచ్చు? మీరే చేస్తే ఏమవుతుంది? 1977లో వచ్చిన ఒక అధ్యయనంలో ఈ చికిత్స ఇమిప్రమిన్ అనే మందు కంటే బాగా పనిచేసింది. తర్వాతి అధ్యయనాల్లో ఎక్కువగా రెండూ సమానంగా తేలాయి. తీవ్రమైన డిప్రెషన్‌లో డాక్టర్లు రెండూ కలిపి ఇస్తుంటారు. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.