సూపర్‌హీరో సినిమాల్లో ట్యూన్‌కి చోటు ఎక్కడ పోయింది?

2025 జూలైలో కొత్త సూపర్‌మ్యాన్ సినిమా వచ్చింది. హీరో కొత్త, డైరెక్టర్ కొత్త. సంగీతం జాన్ మర్ఫీ, డేవిడ్ ఫ్లెమింగ్ చేశారు. కానీ అంతకు ముందు డిసెంబర్‌లో టీజర్ విడుదలైనప్పుడు జనం మాట్లాడుకున్నది 1978 నాటి ట్యూన్ గురించి. జాన్ విలియమ్స్ కట్టిన ఆ మార్చ్‌ని, అంటే కవాతు బాణీని, ఈసారి ఎలక్ట్రిక్ గిటార్ మీద వాయించారు. ఆ స్వరాలు వినపడగానే పాత చర్చ మళ్లీ మొదలైంది. అప్పటి సూపర్‌హీరో సినిమాల సంగీతం హాల్లోంచి బయటికొచ్చాక కూడా నోట్లో ఆడేది, ఇప్పటివాటిది పార్కింగ్ దాకా కూడా ఎందుకు గుర్తుండదు?

అప్పటివాళ్లు గొప్పవాళ్లు, ఇప్పటివాళ్లకి చేతకాదు అనడం తేలిక. నేను దానికి ఒప్పుకోను. ట్యూన్ కట్టగలిగేవాళ్లు ఇప్పుడూ ఉన్నారు. సినిమాలో ట్యూన్‌కి ఉన్న చోటు తగ్గింది. ఆ చోటు ఎలా పోయిందో, ఎవరెవరు దాన్ని మళ్లీ ఎలా సంపాదించుకున్నారో చూస్తే ఈ పాత-కొత్త తేడా చాలావరకు అర్థమవుతుంది.

రిచర్డ్ డానర్ తీసిన 1978 సూపర్‌మ్యాన్‌కి ముందు అనుకున్న సంగీత దర్శకుడు జెర్రీ గోల్డ్‌స్మిత్. ఆయనకు తీరిక కుదరక ఆ పని విలియమ్స్ దగ్గరికి వచ్చింది. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో రికార్డ్ చేశారు. ఆ సినిమా టైటిల్స్ ఇప్పుడు మళ్లీ పెట్టుకుని చూడండి. అంతరిక్షంలో నీలం అక్షరాలు ఒక్కొక్కటిగా దూసుకొస్తుంటాయి. డైలాగ్ లేదు, కథ లేదు. అక్షరాల చప్పుడు తప్ప అడ్డొచ్చే శబ్దమూ లేదు. దాదాపు అయిదు నిమిషాలు మ్యూజిక్ ఒక్కటే మనతో మాట్లాడుతుంది. ముందు కింది స్థాయిలో గుండె కొట్టుకున్నట్టు ఒక లయ. దాని మీద ట్రంపెట్లు. సా నుంచి పాకి, పా నుంచి పై సాకి పెద్ద పెద్ద అంగలు వేసే స్వరాలవి. మెట్లు ఒక్కొక్కటే ఎక్కకుండా ఎగిరి దూకేవాడి సంగీతం అలాగే ఉండాలి.

ఆ మార్చ్‌లో మూడు స్వరాల పట్టు ఒకటుంది. దాని మీద సూ-పర్-మ్యాన్ అని పాడుకుంటే అచ్చంగా సరిపోతుంది. రికార్డింగ్‌లో మొదటిసారి అది విన్న డానర్ ఆనందం పట్టలేక టేక్ మధ్యలోనే కేకలు వేశాడని, ఆ టేక్ పాడైపోయిందని చెప్తారు. సంగీతం హీరోని పేరు పెట్టి పిలుస్తోందన్నది ఆయన సంబరం. ఇంతకీ ఆ పేరు మనకు ఎప్పుడు నేర్పారు? కథ మొదలవకముందే. తర్వాత హెలికాప్టర్ కూలే సీన్‌లో మామూలు మనిషి క్లార్క్‌గా తిరిగే సూపర్‌మ్యాన్ చొక్కా విప్పేసరికి ఆ ట్యూన్ మనకి ముందే తెలిసిన ట్యూన్. అందుకే అక్కడ ఒళ్లు పులకరిస్తుంది. తెలియని ట్యూన్ ఎంత గొప్పదైనా మొదటిసారి వినపడగానే ఆ పని చెయ్యలేదు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. 1979 ఆస్కార్‌లలో ఈ సంగీతం నామినేట్ అయింది, గెలవలేదు. గెలిచింది మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్ సినిమాకి జార్జియో మొరోడర్ చేసిన సింథసైజర్ సంగీతం. ఆర్కెస్ట్రా పాతది, ఎలక్ట్రానిక్ కొత్తది అని మనం గీసుకునే గీత ఆ ఏడాదికే చెరిగిపోయింది. వాయిద్యాన్ని బట్టి పాతా కొత్తా తేల్చలేం.

పదకొండేళ్ల తర్వాత, 1989లో, టిమ్ బర్టన్ బ్యాట్‌మ్యాన్ వచ్చింది. డానీ ఎల్ఫ్‌మన్ అప్పటికి ఒక రాక్ బ్యాండ్‌లో పాడేవాడు. అంత పెద్ద సినిమా చెయ్యగలడా అని నిర్మాతలకి అనుమానం. లండన్‌లో సెట్ చూసి విమానంలో తిరిగొస్తుంటే ఆయనకు ట్యూన్ తట్టింది. పక్కన జనం. రాసుకునే వీలు లేదు. లేచి బాత్రూంలోకి వెళ్లి, చిన్న టేప్ రికార్డర్‌లో నోటితో పాడుకుని వచ్చి కూర్చునేవాడు. మళ్లీ ఏదో తట్టేది, మళ్లీ లేచేవాడు. ఆ ట్యూన్ మొదటి అయిదు స్వరాలు మన లెక్కలో స-రి-గ-ద-ప. గాంధారం చిన్నది, ధైవతం చిన్నది. కీరవాణిలోనూ నటభైరవిలోనూ ఉండే స్వరాలే. పైకి వెళ్తూ వెళ్తూ ‘ద’ని తాకి ‘ప’ మీదికి దిగడంలోనే ఒక దిగులుంది. తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న కుర్రాడి కథ మొత్తం ఆ ఒక్క దిగడంలో వినిపిస్తుంది నాకు.

ఈ సినిమాలోనూ టైటిల్స్ చూడండి. కెమెరా రాతి గోడల మధ్య చీకట్లో తిరుగుతుంటుంది. అదేమిటో చివరి దాకా తెలీదు. పైకి వచ్చి చూస్తే అది గబ్బిలం గుర్తు. అంతసేపూ స్క్రీన్ ఎల్ఫ్‌మన్‌దే. ఆ రికార్డింగ్‌లో ఆర్కెస్ట్రాని నడిపించిన షర్లీ వాకర్ ఆ తర్వాత 1992లో మొదలైన బ్యాట్‌మ్యాన్ యానిమేషన్ సీరియల్‌కి సంగీతం చేసింది. టీవీ కార్టూన్‌కి ఆర్కెస్ట్రాతో ఆమె చేసిన పని చాలా సినిమాల కన్నా గొప్పది. ఆమె పేరు చెప్పకుండా ఈ కథ రాయడం న్యాయం కాదనిపించింది.

మార్పు మొదలైంది 2000 తర్వాత. రంగుల కాస్ట్యూములు పోయి నల్ల తోలు బట్టలు వచ్చాయి. హీరో గొప్పవాడని ట్రంపెట్లతో చాటడం డైరెక్టర్లకి మొహమాటంగా అనిపించసాగింది. ఇది ఒక కారణం. అయితే అసలు దెబ్బ ఎడిటింగ్ గదిలో పడింది.

రీళ్లు కోసి అతికించే రోజుల్లో ఎడిటింగ్ ఒక చోటికి వచ్చాక మార్చడం కష్టం. సంగీత దర్శకుడు ఆ లెక్కల మీద ధైర్యంగా పని చేసేవాడు. కంప్యూటర్ ఎడిటింగ్ వచ్చాక, గ్రాఫిక్స్ షాట్లు చివరి వారం దాకా వస్తూనే ఉండేసరికి సీన్ నిడివి రోజుకో రకంగా మారుతుంది. పదహారు బార్ల (మన తాళంలో ఆవర్తాల లాంటివి) మార్చ్ ఒకటి కట్టారనుకోండి. సీన్‌లోంచి మూడు సెకన్లు తీసేస్తే ఆ మార్చ్ నడుం విరిగినట్టే. అదే ఒకే చిన్న పట్టు మళ్లీ మళ్లీ తిరిగే లయ అయితే ఎక్కడ కావాలంటే అక్కడ కోయొచ్చు, ఎంత కావాలంటే అంత సాగదీయొచ్చు. డైలాగ్ కింద, పేలుళ్ల కింద అణిగిమణిగి ఉంటుంది. మన చెవికి గుంయ్‌మనే శబ్దంగా మిగిలేది చాలాసార్లు ఇదే. ఆ పద్ధతి వెనక సంగీత దర్శకుడి బద్ధకం కన్నా, రేపు ఎడిట్ మారుతుందన్న టెన్షన్ ఎక్కువ.

దానికి తోడు టెంప్ మ్యూజిక్. సంగీత దర్శకుడు రాకముందే ఎడిటర్ వేరే సినిమాల సంగీతం తెచ్చి తాత్కాలికంగా సీన్ కింద పెడతాడు. డైరెక్టర్ నెలల తరబడి ఆ సీన్‌ని దానితోనే చూస్తాడు. చెవి దానికి అలవాటు పడిపోతుంది. తర్వాత సంగీత దర్శకుడు వస్తే ఆయన్ని అలాంటిదే కావాలని అడుగుతాడు. అలా ఒక సినిమా నీడ ఇంకో సినిమా మీద పడుతుంది. 2016లో ఎవ్రీ ఫ్రేమ్ ఎ పెయింటింగ్ అనే యూట్యూబ్ ఛానల్ వాళ్లు చేసిన వీడియో వ్యాసం ఈ గుట్టు అందరికీ చెప్పింది. రోడ్డు మీద వెళ్లేవాళ్లని ఆపి ఐరన్ మ్యాన్, అవెంజర్స్ లాంటివి తీసే మార్వెల్ సంస్థ సినిమాల్లో ఏదైనా ట్యూన్ పాడమంటే ఎవరి నోటా రాలేదు. వేరే పాత సినిమాలవి అడిగితే వెంటనే పాడేశారు.

మార్వెల్‌కి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మూడు ఐరన్ మ్యాన్ సినిమాలకి ముగ్గురు సంగీత దర్శకులు. మొదటి మూడు థోర్ సినిమాలకీ ముగ్గురే. ప్రతివాడూ కొత్త ట్యూన్‌తో మొదలుపెడితే ప్రేక్షకుడికి ఏది గుర్తుంటుంది? దీనికి రుజువు అదే మార్వెల్‌లో దొరుకుతుంది. అలన్ సిల్వెస్ట్రి 2012లో అవెంజర్స్‌కి కట్టిన ట్యూన్‌ని తనే తిరిగొచ్చి 2018లో, 2019లో వాడాడు. ఎండ్‌గేమ్ చివర చనిపోయారనుకున్న వాళ్లంతా వెలుగు ద్వారాల్లోంచి నడిచొచ్చే సీన్‌లో ఆ ట్యూన్ మెల్లగా మొదలై పైకి లేస్తుంటే హైదరాబాద్‌లో నేను చూసిన హాల్లో ఈలలు ఆగలేదు. మనవాళ్లకి ఇది కొత్త కాదు. మన మాస్ సినిమా హీరో ఎంట్రీకి ఎప్పుడూ చోటు వదులుతుంది. దానికి ఎలివేషన్ అని మనమే పేరు పెట్టుకున్నాం. 1980లో ఎన్టీఆర్ సూపర్ మ్యాన్ సినిమాకి చక్రవర్తి సంగీతం చేసిన నాటి నుంచి 2024 హనుమాన్ దాకా హీరో వచ్చినప్పుడు మ్యూజిక్ దాక్కోవడం మన అలవాటు కాదు.

కొత్తవాళ్లలో పెద్ద మలుపు తిప్పింది హన్స్ జిమ్మర్. జేమ్స్ న్యూటన్ హోవర్డ్‌తో కలిసి 2005లో బ్యాట్‌మ్యాన్ బిగిన్స్ చేశాడు. అందులో బ్యాట్‌మ్యాన్ ట్యూన్ రెండే స్వరాలు, స నుంచి చిన్న గ. అంతే. పాట మొదలవబోతోందనిపించి ఆగిపోతుంది. దీన్ని ట్యూన్ అనలేం అని చాలామంది తిట్టారు. కానీ 2008లో డార్క్ నైట్ చేసినప్పుడు ఆ దారి ఎంత దూరం వెళ్తుందో తెలిసింది. అందులో విలన్ జోకర్ కోసం ఆయన పట్టుకున్నది ఒక్క స్వరం. మార్టిన్ టిల్‌మన్ చెల్లో (పెద్ద వయొలిన్ లాంటిది) మీద ఆ స్వరాన్ని లాగుతూ లాగుతూ, అది తెగుతుందా తెగదా అన్నంత దాకా తీసుకెళ్తాడు. తీగల మీద రేజర్ బ్లేడ్లు గీయించి శబ్దాలు పుట్టించారు. అలాంటి ప్రయోగాలు గంటల కొద్దీ ఒక ఐపాడ్‌లో నింపి డైరెక్టర్ క్రిస్టఫర్ నోలన్ చేతిలో పెట్టాడు జిమ్మర్. నోలన్ విమానంలో కూర్చుని అదంతా విన్నాడు. ఇక్కడ ఎడిటింగ్ అయ్యాక పిలిచి ఫలానా సినిమాలాంటిది కావాలని అడగలేదు. జోకర్ ఆ శబ్దంతో పాటే పెరిగాడు. అందుకే ఆ ఒక్క స్వరం వింటే చాలు, ఇప్పటికీ వెన్నులో చలి పుడుతుంది. కూనిరాగం తియ్యలేకపోయినా మర్చిపోలేం.

తప్పల్లా ఆ పద్ధతిని చూసి మిగతావాళ్లు డ్రమ్ముల హోరుని మాత్రమే నేర్చుకోవడం.

ఒకే కథకి రెండు రకాల సంగీతం విని పోల్చుకునే అరుదైన అవకాశం బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్ కలిసి వచ్చే జస్టిస్ లీగ్ సినిమా ఇచ్చింది. మొదట పని మొదలుపెట్టిన సంగీత దర్శకుడు జంకీ ఎక్స్ఎల్‌ని తప్పించి ఎల్ఫ్‌మన్‌ని తెచ్చారు. ఆయన 2017 సినిమాలో తన 1989 బ్యాట్‌మ్యాన్ ట్యూన్‌నీ, విలియమ్స్ సూపర్‌మ్యాన్ ట్యూన్‌నీ మళ్లీ వాడాడు. 2021లో డైరెక్టర్ జాక్ స్నైడర్ నాలుగు గంటల వెర్షన్‌కి జంకీ ఎక్స్ఎల్ తిరిగొచ్చి మొత్తం మళ్లీ చేశాడు. పాత ట్యూన్లున్నా 2017 సినిమా సంగీతం నాకు గుర్తుండిపోలేదు. ఆ ట్యూన్లు హడావిడిగా వచ్చి హడావిడిగా పోతాయి, ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. చోటు లేకపోతే విలియమ్స్ ట్యూన్ కూడా నిలబడదని తెలిసింది అప్పుడే.

ఇక 2018 బ్లాక్ పాంథర్. స్క్రిప్ట్ చదివాక సంగీత దర్శకుడు లుడ్విగ్ గోరాన్‌సన్ పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్ వెళ్లి, బాబా మాల్ అనే గాయకుడి బృందంతో తిరిగాడు. అక్కడ తమా అనే వాయిద్యం ఉంది, మాట్లాడే డోలు. చంకలో ఇరికించుకుని, పక్కనున్న తాళ్లని నొక్కుతూ కొడితే శ్రుతి పైకీ కిందికీ వెళ్తుంది. మనిషి గొంతు ఎత్తూ పల్లం పలికినట్టే ఉంటుంది. బైండ్లవాళ్లు చంకలో జమిడిక పెట్టుకుని ఎల్లమ్మ కథ చెప్పడం చూసినవాళ్లకి ఆ దృశ్యం వెంటనే దగ్గరైపోతుంది. మసాంబా జోప్ అనే కళాకారుడు ఆ డోలు మీద హీరో పేరు పలికించాడు, టి-చాల్లా అని. సినిమాలో రాజు కనిపించినప్పుడల్లా ఆ డోలు పిలుస్తుంది. 1978లో ట్రంపెట్లు చేసిన పనే ఇది. నలభై ఏళ్ల తర్వాత వేరే ఖండం చేతులతో వినిపించింది. 2019లో ఆ సంగీతానికి ఆస్కార్ వచ్చింది.

మరుసటి ఏడాది ఆ ఆస్కార్ జోకర్ సినిమాకి సంగీతం చేసిన హిల్డర్ గుడ్నాడోటిర్‌కి వచ్చింది. ఆమె షూటింగ్‌కి ముందే, స్క్రిప్ట్ చదివి చెల్లో మీద సంగీతం కట్టింది. హత్య చేసి పారిపోయిన హీరో మురికి బాత్రూంలో నెమ్మదిగా చేతులు చాచి ఆడే సీన్ ఉంది కదా, అది అలా స్క్రిప్ట్‌లో లేదు. సెట్‌లో ఆమె సంగీతం పెడితే జోకర్‌గా నటించిన వాకీన్ ఫీనిక్స్ ఒళ్లు దానికి కదిలింది. ఆ కదలికే సీన్ అయింది. 2022 బ్యాట్‌మ్యాన్‌కి మైకేల్ జియకీనో కూడా ట్యూన్‌ని షూటింగ్ మొదలవకముందే రాసి డైరెక్టర్ మాట్ రీవ్స్‌కి వినిపించాడు. మూడు గంటల సినిమాలో ఆ నాలుగు స్వరాలు అడుగుల చప్పుడులా వెంటపడుతూనే ఉంటాయి. చీకట్లో బూట్ల శబ్దం ఒక్కొక్కటే దగ్గరికొస్తుంటే, వచ్చేదెవరో ట్యూన్ ముందే చెప్పేస్తుంది.