ముడి ఎక్కడ ఆగుతుంది?

మా బావమరిది దగ్గర ఓ ఇథనాల్ కంపెనీ షేర్లు రెండు వందలున్నాయి. ఆ కంపెనీ కొత్త ప్లాంట్ మన వైపే పెడుతుందని ఎవరో చెవిలో వేశారు. అప్పట్నుంచి రోజుకో ఊరు. ఒకరోజు తెనాలి, ఇంకోరోజు నూజివీడు. మొన్న ఆదివారం మాత్రం గట్టిగా చెప్పాడు: "గన్నవరమే బావా, లోపలి మనిషి చెప్పాడు."

నిజంగానే లోపలి మనిషైతే అది ఇంకో తలనొప్పి. బయటపెట్టని సమాచారం పట్టుకుని షేర్లు కొనడాన్ని షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ 2015 నిబంధనలు నిషేధించాయి. లోపలి మనిషి కాకపోతే వట్టి గాలి కబురు. ఊరు తెలుసుకోవాలంటే మనిషి కంటే మోయాల్సిన సరుకు బరువును అడగడం మేలనిపించింది నాకు.

1909లో ఆల్ఫ్రెడ్ వెబర్ అనే జర్మన్ ఆర్థికవేత్త ఫ్యాక్టరీలు ఎక్కడ వెలుస్తాయో లెక్కగట్టాడు. ఆయన పుస్తకానికి గణిత అనుబంధం రాసిన గేయార్గ్ పిక్ అందులో ఓ చిన్న పరికరాన్ని వర్ణించాడు. దాన్ని మేం స్వీట్ బాక్స్ మూతతో చేశాం. మూత మీద మన జిల్లాల పటం అతికించి దుగ్గిరాల, నూజివీడు, కొండపల్లి ఉన్నచోట చిల్లులు పొడిచాం. మూడు దారాలు ఒకచోట ముడేసి, కొసల్ని చిల్లుల్లోంచి కిందికి వదిలాం. కొసలకు ఆటోనగర్ నుంచి తెచ్చిన ఒకే సైజు నట్లు కట్టాలి. ఏ ఊరి నుంచి, లేదా ఏ ఊరికి, ఎన్ని టన్నులు మోయాలో అన్ని నట్లు. మూత పైకెత్తితే ముడి జరిగి జరిగి ఎక్కడ ఆగుతుందో, రవాణా ఖర్చు అక్కడే తక్కువ.

కొండపల్లి ఎందుకంటే, ఆయిల్ కంపెనీల ట్యాంకులు అక్కడున్నాయి. ఇథనాల్ పెట్రోల్లో కలిసేది అలాంటి చోటే.

ముందు వరిగడ్డితో చూశాం. పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ 2022లో ప్రారంభించిన ప్లాంట్ ఏడాదికి సుమారు 2 లక్షల టన్నుల గడ్డి నుంచి 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలని కట్టింది. అంటే టన్ను గడ్డికి 150 లీటర్లు, బరువులో 118 కిలోలు. ఒక టన్ను ఇథనాల్‌కి ఎనిమిదిన్నర టన్నుల గడ్డి! గడ్డంతా దుగ్గిరాల వైపు నుంచే వస్తుందనుకుని ఆ దారానికి ఎనిమిది నట్లు, కొండపల్లి దారానికి ఒకటి కట్టాం, నూజివీడు దారం ఖాళీగా వదిలేశాం. ముడి ఎక్కడా ఆగలేదు, సరాసరి దుగ్గిరాల చిల్లులోకి దూరింది. ఒక బరువు మిగతావాటి మొత్తాన్ని మించితే ఎప్పుడూ ఇంతే. గడ్డి ప్లాంట్ పొలాన్ని వదిలి రాలేదు.

నట్లకు తెలియని సంగతి ఇంకోటి ఉంది. గడ్డికి బరువు కంటే ఒళ్ళెక్కువ. ట్రాక్టర్ నిండా వేసినా మోసేది సగం పైన గాలే. బేలర్‌తో కట్టలు కట్టినా ఘనమీటరుకి 150 కిలోలు వస్తాయనుకుందాం. కోతలు కొన్ని వారాల్లో అయిపోతాయి, ప్లాంట్ మాత్రం ఏడాదంతా తినాలి. 2 లక్షల టన్నుల్ని ఆరు మీటర్ల ఎత్తున పేర్చినా ఒక్క కుప్పలకే 55 ఎకరాలు పడుతుంది. నిప్పు అంటుకోకుండా మధ్యలో వదిలే దారులు దీనికి అదనం. పైగా డెల్టాలో గడ్డి చెత్త కాదు, పాడి ఉన్నవాళ్ళు డబ్బులిచ్చి కొంటారు.

మొక్కజొన్న దగ్గరికొచ్చేసరికి కథ మారింది. టన్ను గింజల నుంచి సుమారు 380 లీటర్లు, అంటే 300 కిలోల ఇథనాల్. దాదాపు ఇంకో 300 కిలోలు పశువుల దాణాకి పనికొచ్చే పిప్పి. మిగిలింది చాలావరకు కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. గింజలు దుగ్గిరాల వైపు నుంచి సగం, నూజివీడు వైపు నుంచి సగం వస్తాయనుకుని చెరి మూడు నట్లు, కొండపల్లికి రెండు కట్టాం. ఈసారి ముడి ఏ చిల్లులోనూ పడలేదు. అటూ ఇటూ ఊగి విజయవాడ పక్కనున్న నున్న అనే ఊరి చుట్టుపక్కల ఆగింది.

"చూశావా, గన్నవరానికి దగ్గరే!" అన్నాడు వాడు.

దగ్గరే. కానీ వేలితో ముడిని కాస్త పక్కకి జరిపి చూడమన్నాను. దాదాపు ప్రతిఘటనే లేదు. పది కిలోమీటర్లు అటైనా ఇటైనా రవాణా ఖర్చు పెద్దగా మారదన్నమాట. అలాంటప్పుడు ఊరిని తేల్చేది దారాలు కాదు, ఎకరం ధర, నీటి అనుమతి, ప్రభుత్వ రాయితీ, బ్యాంకు అప్పు. గింజల ప్లాంట్ల మీద ఇన్ని పుకార్లు పుట్టడానికి కారణం ఇదే అనుకుంటా. ఏ ఊరి పేరు చెప్పినా నమ్మేలాగే ఉంటుంది.

ఊరు తెలిస్తే మాత్రం షేరుకి ఒరిగేదేంటి? 2024లో మొక్కజొన్న ఇథనాల్‌కి ఆయిల్ కంపెనీలు ఇచ్చిన రేటు లీటరుకి 71.86 రూపాయలు, అదీ ముందే ప్రకటించిన రేటు. గింజల రేటు మాత్రం మార్కెట్‌ది. కిలో ఒక్క రూపాయి పెరిగితే లీటరు మీద రెండు రూపాయల అరవై పైసలు ఎగిరిపోతాయి. ప్లాంట్ నున్నలో ఉన్నా నూజివీడులో ఉన్నా ఆ దెబ్బ ఒకటే.

అమెరికాలో కియార్ అనే కంపెనీ ఉండేది. చెక్క పొట్టు నుంచి ఇంధనం తీస్తామని 2011లో షేరు 15 డాలర్లకు పబ్లిక్ ఇష్యూకి వచ్చింది. మిసిసిపీ రాష్ట్రం 7.5 కోట్ల డాలర్ల అప్పిచ్చింది. కొలంబస్ పట్టణంలో ప్లాంట్ కట్టారు, చుట్టూ పైన్ అడవులే. వెబర్ వచ్చినా అక్కడే కట్టమనేవాడు. తర్వాతి పెద్ద ప్లాంట్ నాచెజ్‌లో అన్నారు, అది రానేలేదు. టన్ను చెక్కకి వస్తుందన్న ఇంధనం రాలేదు. 2014 నవంబర్‌లో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది.

ఇదంతా విని మా వాడు షేర్లేమీ అమ్మలేదు. గన్నవరం దగ్గర చూసిన సైటు బేరం మాత్రం ఆపాడు. ప్లాంట్ వస్తుందన్న మాట పట్టుకుని అక్కడ రేటు అప్పటికే పెంచేశారట. స్థలం అంత పలుకుతుంటే కంపెనీ అక్కడికి ఎందుకొస్తుంది బావా అని నన్నే అడిగాడు.