థర్మామీటర్ పాడవలేదు

పిల్లలూ,

కరెంటు హీటర్‌తో నీళ్లు మరిగించి ఆవిరి తీసే మీ యంత్రం గురించి, "హీటర్ పెంచినా థర్మామీటర్ 100 దగ్గరే ఆగిపోయింది తాతయ్యా, పాడైందా?" అని అడిగారు. పాడవలేదర్రా. మూత బిగించని పాత్రలో నీళ్లు మరగడం మొదలయ్యాక ఎంత వేడి పెట్టినా ఆ అంకె కదలదు. కిలో నీళ్లను 30 డిగ్రీల నుంచి 100కి తేవడానికి 293 కిలోజౌళ్లు చాలు. అవే ఆవిరి కావడానికి మరో 2257 కావాలి. వేడంతా అక్కడికే పోతోంది.

అందుకే ఆవిరి యంత్రంలో కన్ను నీటిమట్టం మీద ఉండాలి.

తూటు పడ్డ బిందె అనుకోండి. కారిపోయేది ఆవిరి. మీరు చెంబుతో పోసేది పంపు నీరు. తూటు ఎంత పెద్దదో చెప్పేది హీటర్. కిలోవాట్ హీటరైతే, 30 డిగ్రీల నీళ్లు నిమిషానికి 23.5 గ్రాములు పోస్తేనే బిందె మట్టం నిలుస్తుంది (బయటికి పోయే వేడిని వదిలేద్దాం). 20 పోస్తే గంటకు దాదాపు పావు లీటరు తగ్గుతుంది. 30 పోస్తే బిందె నిండిపోయి, నిమిషానికి 7 గ్రాముల దాకా వేడినీళ్లే ఆవిరి గొట్టంలోంచి పొర్లుతాయి. అప్పుడూ థర్మామీటర్ 100 అనే అంటుంది! ఆ నీళ్లను కూడా ఆవిరి కింద లెక్కేస్తే యంత్రం హీటర్ ఇచ్చినదానికన్నా ఎక్కువ శక్తిని ఇచ్చినట్టు కనిపిస్తుంది. పెద్దపెద్దవాళ్లూ ఇక్కడే బోల్తా పడతారు. గొట్టం కొసను తూచిన చన్నీళ్ల బకెట్లో ముంచి, బరువు ఎంత పెరిగిందో, వేడి ఎంత పెరిగిందో రెండూ చూస్తే గుట్టు తెలుస్తుంది: పెరిగిన బరువుకు తగ్గ వేడి పెరగకపోతే వచ్చింది ఉత్త ఆవిరి కాదు. హీటర్ ఆపేముందు గొట్టం పైకి తీయండి, లేకపోతే బకెట్ నీళ్లు వెనక్కి పీల్చుకుంటుంది.

మట్టం కనిపెట్టడానికి మూడు వేర్వేరు పొడుగుల స్టీలు కడ్డీలు చాలు. నీరు తాకిన కడ్డీలోంచి కరెంటు పారుతుంది, అదే గుర్తు. నీరు పొట్టిదాన్ని తాకితే పంపు ఆగాలి, నడిమిదాన్ని వదిలితే మొదలవ్వాలి. అన్నిటికన్నా పొడుగుది హీటర్ చుట్టకు వేలెడు పైన ఆగాలి. నీరు దాన్నీ వదిలిందంటే హీటర్ ఆగిపోవాలి, అదీ పంపు సర్క్యూట్‌తో సంబంధం లేకుండా. కడ్డీలకు తక్కువ వోల్టేజీ ఏసీ (దిశ మారుతూ ఉండే కరెంటు) ఇవ్వండి, డీసీ (ఒకే దిశలో పారేది) అయితే కడ్డీని తినేస్తుంది. స్వేదనజలంలో కరెంటు సరిగా పారదు కనుక, నిండా నీళ్లున్నా లేవనుకుని పంపు తోస్తూనే ఉంటుంది.

ఒక్కచోట మాత్రం నా బిందె పోలిక పనికిరాదు. హీటర్ ఒక్కసారిగా పెంచితే బుడగలు ఉబ్బి మట్టం పైకి లేస్తుంది. నీరు పెరిగిందనుకుని, సరిగ్గా కావలసిన వేళకే పంపు ఆగిపోతుంది. అందుకే వేడిని మెల్లగా పెంచాలి. కడ్డీలను కిందా పైనా పాత్రకు కలిపిన పక్క గొట్టంలో పెడితే అక్కడ నీరు కాస్త నిమ్మళంగా ఉంటుంది.

ఆవిరి గొట్టానికి మూత గానీ కుళాయి గానీ పెట్టకండి. చుట్ట ఎండి ఎర్రబడితే నీళ్లు పోయకండి. స్విచ్ ఆపి చల్లారనివ్వండి.

పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని, దూరంగా నిలబడి, మరిగే కెటిల్ ముక్కు చూడండి. ముక్కుకు ఆనుకుని కాస్త మేర ఏమీ కనిపించదు, తెల్లటి పొగ ఆ తర్వాతే మొదలవుతుంది. ఆ తెలుపు నీటి తుంపర. ఆవిరి ఉన్నది ఆ ఖాళీలోనే.

మీ తాతయ్య