నాలుగు కలిపి నాలుగింతలు సాగదీస్తే ఏమొస్తుంది?

పాఠకుడొకరు మంచి ప్రశ్న వేశారు: "పాత నూలు మిల్లుల్లో నాలుగు ఏకుల్ని, అంటే ఇంకా పురి పెట్టని దూది తాళ్లని, ఒకటిగా కలిపి, వెంటనే నాలుగింతలు సాగదీసేవారట. మందం మళ్లీ మొదటికే వస్తుంది కదా, ఈ తిప్పలన్నీ ఎందుకు?"

బేళ్లు విప్పడం, దుమ్ము దులపడం వదిలేస్తాను, అందులో మజా లేదు. పత్తిని దువ్వే కార్డింగ్ మిషన్ నుంచి బయటికొచ్చిన ఏకును వెలుతురుకి ఎత్తి చూడండి. ఒకచోట చిక్కగా, ఇంకోచోట పలచగా ఉంటుంది. అలాగే వడికితే పురి అంతా సన్నటి చోటికే పోతుంది, లావుచోట దారం వదులుగా మిగిలిపోతుంది.

చిక్కటి పాలు, నీళ్ల పాలు నాలుగిళ్ల నుంచి తెచ్చి ఒకే గిన్నెలో పోస్తే తేడా సర్దుకుంటుంది కదా, ఏకుల్ని కలపడమూ అంతే. ఒకదాని పలచన పక్కదాని చిక్కదనం మీద పడుతుంది. దీనికి లెక్క కూడా ఉంది. కలిపిన ఏకులు ఎన్నో, దాని వర్గమూలం వంతున హెచ్చుతగ్గులు తగ్గుతాయి. నాలుగు కలిపితే సగం. 16 శాతం తేడా మొదటిసారికి 8, రెండోసారికి 4, మూడోసారికి 2. అప్పటికి ఒక్క ఏకులో 64 ఏకుల దూది చేరి ఉంటుంది! సాగదీయడంలో ఇంకో లాభం, మడతపడ్డ పోగులు తిన్నగా ఒకే దిక్కుకి తిరుగుతాయి. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వేది కూడా పోగుల్ని తిన్నగా చేయడానికే.

ఇంగ్లండులోని క్రామ్‌ఫర్డ్‌లో మిల్లు పెట్టిన రిచర్డ్ ఆర్క్‌రైట్ 1775 పేటెంటులో ఈ కలిపి సాగదీసే పద్ధతీ ఉంది. 1785లో కోర్టు ఆ పేటెంటును కొట్టేసింది. నూలు చెడితే ఆయన మొదట బూతులు తిట్టి, ఆ తర్వాత డ్రాయింగ్ (ఈ సాగదీసే పనికి మిల్లు పేరు) చూసుకోండి అనేవాడట. మన పాఠాల్లో మాత్రం స్పిన్నింగ్ జెన్నీ పేరు బట్టీ పట్టించి వదిలేస్తారు.

అయితే ఆ వర్గమూలం లెక్క కాగితం మీద ఉన్నంత సాఫీగా మిల్లులో నడవదు. సాగదీసేది రోలర్ల జతలు. ముందు జత వేగంగా, వెనక జత నెమ్మదిగా తిరుగుతాయి. వాటి మధ్య ఎడం పోగు పొడవు కంటే కాస్త ఎక్కువ ఉండాలి. తక్కువైతే పోగులు తెగుతాయి. మరీ ఎక్కువైతే పొట్టి పోగులు ఏ జతకీ చిక్కక మధ్యలో తేలుతూ, గుంపులుగా లాగబడి కొత్త లావుల్ని పుట్టిస్తాయి. అమెరికా అంతర్యుద్ధ కాలంలో ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులకి పొట్టి పోగుల సూరత్ పత్తి వచ్చిపడినప్పుడు కార్మికులు అందుకే తలలు పట్టుకున్నారు. దేవుడా, పత్తి పంపు, సూరత్‌ది మాత్రం వద్దు అని ప్రార్థించారని అక్కడ చెప్పుకుంటారు.