చివరి పాట ఎందుకు బొంగురుపోతుంది? టర్న్‌టేబుల్ ఆర్మ్ గురించి అపోహలు - వాస్తవాలు

విజయవాడలో పాత రికార్డ్ ప్లేయర్లు బాగుచేయడం, కొత్త టర్న్‌టేబుళ్లు సెట్ చేసి ఇవ్వడం నా పని. నా దగ్గరకు వచ్చేవాళ్లు ఎక్కువగా చెప్పే మాట ఇది: "మొదటి పాట బాగానే వస్తుందండీ, చివరి పాటకొచ్చేసరికి బొంగురుపోతుంది. 'స', 'ష' వచ్చినచోటల్లా చీరేసినట్టు వినిపిస్తుంది." కారణం కూడా వాళ్లే చెప్పేస్తారు. రికార్డు అరిగిపోయిందంటారు, లేకపోతే ఖరీదైన కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే ముక్క) కొనాలంటారు. చాలాసార్లు ఆ రెండూ కాదు. ఆర్మ్, అంటే కార్ట్రిడ్జ్‌ను మోసే చేయి, దాని సెట్టింగ్ తప్పు. ఒక ప్రొట్రాక్టర్ (కార్ట్రిడ్జ్ కోణం సరిచూసే గీతల అట్ట), చిన్న డిజిటల్ త్రాసు, రసమట్టం ఉంటే ఒక సాయంత్రంలో సరిచేసుకోవచ్చు.

ఆ పని చేసుకోనివ్వకుండా అడ్డుపడే నమ్మకాలు కొన్ని ఉన్నాయి. వాటి గురించే ఇది.

అపోహ: ముల్లు ఎంత తేలిగ్గా ఉంటే రికార్డు అంత భద్రం

రికార్డులకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిన నమ్మకం ఇదే. ఒక రిటైర్డ్ మాస్టారు తన ప్లేయర్ తెచ్చారు. ఆర్టోఫోన్ 2ఎం రెడ్ కార్ట్రిడ్జ్. ముల్లు రికార్డు మీద మోపాలని దాని తయారీదారు చెప్పే బరువు 1.6 నుంచి 2 గ్రాములు, సిఫార్సు 1.8. త్రాసు మీద పెట్టి చూస్తే 1.1 గ్రాములే ఉంది.

"కావాలనే తగ్గించాను బాబూ. మా నాన్నగారి రికార్డులు, అరిగిపోకూడదని."

"అందుకే అరుగుతున్నాయి మాస్టారూ" అన్నాను. ఆయన ముఖం చూస్తే బాధేసింది. జాగ్రత్త అనుకునే చేశారు పాపం.

గాడి గోడలు నున్నగా ఉండవు, పాటంతా ఆ గోడల వంపుల్లోనే ఉంటుంది. గొంతు పైకి లేచినప్పుడు, 'స' లాంటి పదునైన ధ్వని వచ్చినప్పుడు ఆ వంపులు ముల్లును సెకనుకు వేలసార్లు అటూ ఇటూ తోస్తాయి. బరువు చాలకపోతే ముల్లు గోడను వదిలేసి, వెనక్కి వచ్చి గుద్దుతుంది. మనకు వినిపించే చీరినట్టున్న శబ్దం ఆ గుద్దులదే. వినైల్ మెత్తటి ప్లాస్టిక్, ముల్లు మొన వజ్రం. దెబ్బ తగిలినచోట గోడ చెక్కుకుపోతుంది, అది మళ్లీ పూడదు. తయారీదారు చెప్పిన హద్దుల్లో మధ్యకు, లేదా కాస్త పైకి పెట్టడమే మంచిది. ఆడియో-టెక్నికా వీఎం95ఈకి ఆ హద్దులు 1.8 నుంచి 2.2 గ్రాములు, నేను 2 దగ్గర పెడతాను. డెనాన్ డీఎల్-103కి 2.5 కావాలి. బరువు ఎక్కువైనట్టు అనిపిస్తుంది గానీ దాని లోపలి రబ్బరు గట్టిది, అంతకంటే తక్కువలో అది గాడిని పట్టుకోలేదు.

దీనికి తిరగబడిన అలవాటు కూడా ఉంది. ముల్లు ఎగిరిపోతోందని హెడ్‌షెల్ (కార్ట్రిడ్జ్ బిగించే ఆర్మ్ కొస) మీద రూపాయి బిళ్ల అతికిస్తారు. పాత స్టీలు రూపాయి బరువు 4.85 గ్రాములు. అప్పటికే 2 గ్రాములు ఉంటే ఇప్పుడు దాదాపు 7. ఎగరడం ఆగుతుంది, రికార్డు నాశనమవుతుంది.

అపోహ: కౌంటర్‌వెయిట్ మీద అంకె 2 ఉంటే బరువు 2 గ్రాములే

కౌంటర్‌వెయిట్ అంటే ఆర్మ్ వెనక కొసన ఉండే బరువు. ముందు ఆర్మ్‌ను గాలిలో సమంగా తేలేలా బ్యాలెన్స్ చేసి, ఆ స్థితిలో అంకెల చుట్టును సున్నాకు తిప్పితేనే ఆ మాట నిజం. ఆ తర్వాత కార్ట్రిడ్జ్‌ను ముందుకో వెనక్కో జరిపినా లెక్క మారిపోతుంది. త్రాసుతో కొలవండి. ముల్లు రికార్డు ఎత్తులోనే ఉండేలా పెట్టి కొలవాలి. డీఎల్-103 లాంటి ఎంసీ (మూవింగ్ కాయిల్, అంటే లోపల తీగచుట్టలు కదిలే రకం) కార్ట్రిడ్జ్‌లలో బలమైన అయస్కాంతం ఉంటుంది, త్రాసు బాడీలో ఇనుము ఉంటే అది లాగి అంకె తప్పు చూపిస్తుంది. ఇనుము లేని త్రాసు కొనుక్కోండి.

అపోహ: కార్ట్రిడ్జ్‌ను హెడ్‌షెల్‌లో తిన్నగా బిగిస్తే చాలు, ఏ రికార్డుకైనా ఒకటే సెట్టింగ్

నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇది, కాస్త ఓపిగ్గా చదవండి.

రికార్డుల అచ్చుకు మూలమైన మాస్టర్ డిస్క్ కోసే యంత్రంలో కట్టర్ అంచు నుంచి మధ్యకు తిన్నటి గీతలో వస్తుంది. మన ఆర్మ్ ఒక మూల ఇరుసు మీద తిరుగుతూ విల్లులా వస్తుంది. అందువల్ల ముల్లు గాడికి సరిగ్గా తిన్నగా ఉండేది రికార్డు మొత్తంలో రెండే రెండు చోట్ల. మిగతా అంతటా కొద్దిగా వాలుగా ఉంటుంది. ఆ వాలు తగ్గించడానికే ముల్లును స్పిండిల్‌కు (రికార్డు రంధ్రంలో దూరే మధ్య మొలకు) కాస్త అవతలికి వెళ్లేలా అమరుస్తారు, హెడ్‌షెల్‌ను పక్కకు వంచుతారు. టెక్నిక్స్ ఎస్ఎల్-1200లో 230 మిల్లీమీటర్ల ఆర్మ్, ముల్లు స్పిండిల్ దాటి 15 మిల్లీమీటర్లు ముందుకు వెళుతుంది. ఈ లెక్కల మీద 1924లోనే పెర్సీ విల్సన్ రాశాడు. 1938లో లోఫ్‌గ్రెన్, 1941లో బేర్‌వాల్డ్, 1966లో స్టీవెన్‌సన్ వాటిని ముందుకు తీసుకెళ్లారు. ఈనాటి ప్రొట్రాక్టర్ల మీద కనిపించేవి వీళ్ల పేర్లే.

12 అంగుళాల ఎల్పీ (ఎక్కువ పాటలు పట్టే పెద్ద రికార్డు) బయటి అంచు దగ్గర గాడి ముల్లు కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు కదులుతుంది. చివరి పాట దగ్గర 21 మాత్రమే. అంటే అదే ధ్వని సగం కంటే తక్కువ చోటులో ఇరుక్కుని ఉంటుంది. మొదటి పాటలో వినిపించని వాలు చివరి పాటలో గోలగా వినిపించేది అందుకే.

బేర్‌వాల్డ్ లెక్కలో ఆ రెండు తిన్నటి చోట్లు మధ్య నుంచి 66, 120.9 మిల్లీమీటర్ల దగ్గర వస్తాయి. స్టీవెన్‌సన్ లెక్కలో 60.3, 117.4 దగ్గర. మామూలుగా అందరూ బేర్‌వాల్డ్ పెట్టుకోమంటారు. ఎల్పీలు వినేవాళ్లకు ఆ సలహా సరైనదే. కానీ మన తెలుగువాళ్ల అల్మారాల్లో ఏముంటాయి? పాత సినిమాల 7 అంగుళాల చిన్న రికార్డులు, అంటే ఈపీలు. వాటి పాట బయటి అంచు దగ్గర కూడా సుమారు 84 మిల్లీమీటర్ల నుంచే మొదలవుతుంది, లోపల దాదాపు 54 వరకు రావచ్చు. 120.9 దగ్గరి తిన్నటి చోటు ఈపీకి అసలు అందదు. 230 మిల్లీమీటర్ల ఆర్మ్ మీద లెక్క కట్టి చూశాను. 54 దగ్గర బేర్‌వాల్డ్ సెట్టింగ్‌లో వాలు సుమారు 2 డిగ్రీలు, స్టీవెన్‌సన్‌లో 1 డిగ్రీ. సగానికి సగం! ఈపీలే ఎక్కువగా వినే వాళ్లకు నేను స్టీవెన్‌సనే పెడతాను. ఈపీ చివరి చరణంలో సుశీలమ్మ గొంతు పలచబడకుండా నిలబడితే ఆ తేడా వాళ్లకే తెలుస్తుంది.

కార్ట్రిడ్జ్ ఒంటి అంచును చూసి ప్రొట్రాక్టర్‌కు సరిపెట్టకండి. ముల్లు అతికి ఉన్న సన్నటి కడ్డీని, అంటే క్యాంటిలీవర్‌ను చూడండి. ఒంటికి, కడ్డీకి మధ్య చిన్న వంకర ఉన్న కార్ట్రిడ్జ్‌లు చాలా చూశాను.

అపోహ: గాడుల్లేని నున్నటి డిస్క్ మీద ఆర్మ్ కదలకుండా నిలబడితే యాంటీ-స్కేటింగ్ సరిపోయినట్టు

రికార్డు తిరిగేటప్పుడు ముల్లు మీద పడే రాపిడి ఆర్మ్‌ను లోపలికి లాగుతుంది. ఆ లాగుడుకు ఎదురుగా పెట్టే చిన్న బలమే యాంటీ-స్కేటింగ్. కానీ నున్నటి డిస్క్ మీద ముల్లు మొన ఒక్కటే ఆనుతుంది, గాడిలో రెండు గోడలూ ఆనుతాయి. రాపిడి ఒకటి కాదు. పైగా పాట బిగ్గరగా ఉంటే ఒకలా, మెల్లగా ఉంటే మరోలా మారుతూనే ఉంటుంది. నేను చేసేది ఇది: బిగ్గరగా పాడే చోట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటాను. కుడి చెవిలో ముందు శబ్దం పగిలితే యాంటీ-స్కేటింగ్ కాస్త పెంచుతాను, ఎడమలో పగిలితే తగ్గిస్తాను. లోపలి గోడ మీద ఎడమ చానల్, బయటి గోడ మీద కుడి చానల్ ఉంటాయి. ఆర్మ్ లోపలికి లాక్కుపోతే ముల్లు బయటి గోడను వదిలేస్తుంది కదా. ఇది స్టీరియో రికార్డుతోనే చేయాలి.

అపోహ: రికార్డు మందం మారినప్పుడల్లా ఆర్మ్ ఎత్తు మార్చాలి

అక్కర్లేదు. 230 మిల్లీమీటర్ల ఆర్మ్ వెనక భాగాన్ని 4 మిల్లీమీటర్లు ఎత్తితే ముల్లు కోణం మారేది 1 డిగ్రీ. 180 గ్రాముల కొత్త ఎల్పీకి, మామూలు ఎల్పీకి మందంలో తేడా 1 మిల్లీమీటరు కూడా ఉండదు. రికార్డు మీద ముల్లు దిగినప్పుడు ఆర్మ్ దానికి సమాంతరంగా ఉంటే అక్కడితో వదిలేయండి. ఎదురుగా నిలబడి ముల్లు నిటారుగా ఉందో లేదో మాత్రం చిన్న అద్దం పెట్టి చూసుకోండి.

అపోహ: అన్ని రికార్డులకూ ఒకే ముల్లు

78 వేగం (నిమిషానికి 78 చుట్లు) లక్క రికార్డు గాడి చాలా వెడల్పు. ఎల్పీ ముల్లు మొన వ్యాసార్ధం సుమారు 18 మైక్రాన్లు, 78కి 65 నుంచి 75 వరకు కావాలి. చిన్న ముల్లు పెడితే గాడి అడుగున చెత్తలో ఈదుతుంది. కీ తిప్పే పాత గ్రామఫోను మీద ఎల్పీలు, ఈపీలు మాత్రం ఎప్పుడూ పెట్టకండి. దాని సౌండ్‌బాక్సు బరువు వంద గ్రాములకు పైనే. ఒక్కసారి తిప్పితే ఆ రికార్డు అయిపోయినట్టే.

చేసే వరుస కూడా చెబుతాను. ముందు ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్లెం) మీద రసమట్టం పెట్టి ప్లేయర్‌ను సమం చేయండి. తర్వాత బరువు సుమారుగా పెట్టి, ప్రొట్రాక్టర్‌తో కార్ట్రిడ్జ్ సరిచేసి, అప్పుడు బరువు కచ్చితంగా పెట్టండి. ఆ తర్వాత ఎత్తు, నిటారు, చివరగా యాంటీ-స్కేటింగ్. కొత్త కార్ట్రిడ్జ్ రబ్బరు వాడేకొద్దీ కాస్త సర్దుకుంటుంది. అందుకని 20, 30 గంటలు విన్నాక మళ్లీ ఒకసారి త్రాసు తీయండి. మాస్టారి ప్లేయర్ అడుగున నేను ఒక చిన్న కాగితం అతికించి పంపాను: కార్ట్రిడ్జ్ పేరు, 1.8 గ్రాములు, స్టీవెన్‌సన్, సెట్ చేసిన తేదీ.